రాయి చెప్పిన తారీఖు

పిల్లలూ,

మీ అట్లాసులో ఐరోపా పటం తీసి ముందు పెట్టుకోండి. ఇటలీ దేశం పెద్ద బూటులాగా మధ్యధరా సముద్రంలోకి చాచుకొని ఉంటుంది. ఆ బూటు కొన దగ్గర సిసిలీ ద్వీపం ఉన్నది. సిసిలీకి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఆవగింజల్లాంటి రెండు మూడు చుక్కలు కనబడతాయి. అవే మాల్టా ద్వీపాలు. పెద్దదాని పేరు మాల్టా, పక్కనున్న చిన్నదాని పేరు గోజో. గోజో పొడవు 14 కిలోమీటర్లు, వెడల్పు 7 కిలోమీటర్లు. పొద్దున్నే చద్దన్నం తిని బయలుదేరితే, ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి మధ్యాహ్న భోజనం వేళకు చేరుకోవచ్చు.

ఈ నెల నేను చెప్పబోయేది ఆ చిన్న ద్వీపంలో దొరికిన ఒక రాతిని గురించి. అది రాజు వేయించిన శాసనం కాదు, యుద్ధం గెలిచి నాటిన స్తంభమూ కాదు. ఎనిమిదివందల ఏళ్ళకు పైగా అయింది, ఒక ఇంటివాళ్ళు చనిపోయిన తమ ఆడబిడ్డ సమాధిమీద పెట్టించిన రాయి అది. ఆమె పేరు మైమూనా. అరబ్బీ భాషలో ఆ పేరుకు భాగ్యవతి అని అర్థం. మన ఊళ్ళలో భాగ్యమ్మ అని పేరు పెట్టుకుంటాం చూడండి, అలాంటిదే.

ఆ రాయి ఇప్పుడు గోజోలోనే, విక్టోరియా పట్టణపు పాతకోటలో ఉన్న పురావస్తు మ్యూజియంలో ఉన్నది. ఇంత చిన్న రాయి చరిత్రలో ఒక పెద్ద తప్పును దిద్దింది. ఎలా దిద్దిందో చూద్దాం.

ముందు రాతినే చూడండి. అది చలువరాయి. మాల్టా ద్వీపాలలో ఎక్కడ తవ్వినా సున్నపురాయే తప్ప చలువరాయి దొరకదు. అంటే ఎప్పుడో ఎవరో దానిని ఓడమీద తెచ్చి ఉండాలి. ఎవరు తెచ్చారు? రాతిని తిప్పి చూస్తే కొంత జవాబు దొరుకుతుంది. దాని రెండవ ముఖం మీద రోమనుల కాలపు చెక్కడం ఉన్నది. రోమనులు ఏదో కట్టడానికి వాడిన రాయి అది. ఆ కట్టడం పడిపోయింది. రాయి మిగిలింది. వెయ్యేళ్ళ తరువాత మైమూనా ఇంటివాళ్ళు దానినే తీసుకొని, ఇవతలి ముఖాన్ని నునుపు చేయించి, అరబ్బీ అక్షరాలు చెక్కించారు. మంచి రాతిని ఎవరూ ఊరికే పారవేయరు కదా! పాత ఇల్లు విప్పినప్పుడు గుమ్మాలూ దూలాలూ కొత్త ఇంటికి వాడుకోవడం మీరూ చూసే ఉంటారు.

ఇక అక్షరాల సంగతి. అరబ్బీని కుడినుంచి ఎడమకు రాస్తారని మీకు తెలిసే ఉంటుంది. ఈ రాతిమీది లిపిని 'కూఫీ' అంటారు. ఇరాక్ దేశంలోని కూఫా నగరం పేరు మీద ఆ పేరు వచ్చింది. గీతలు నిటారుగా, మూలలు తేలి ఉంటాయి. ఉలితో చెక్కడానికి అనువైన లిపి. హైదరాబాదు పిల్లలకు ఒక మాట చెబుతాను. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులు చూడడానికి వెళ్ళినప్పుడు, లోపలి నల్లరాళ్ళ మీద అరబ్బీ రాతలు గమనించండి. అక్కడి అక్షరాలు గుండ్రంగా, తీగలు సాగినట్లు ఉంటాయి. అవి కూఫీకి కొన్నివందల ఏళ్ళ తరువాతివి. ఒకే భాష, వేరువేరు చేతిరాతలు.

కూఫీ చదవడం ఎందుకు కష్టమంటే, ఈ రోజుల్లో అరబ్బీ అక్షరాలకు పైనా కిందా పెట్టే చుక్కలు అందులో సాధారణంగా ఉండవు. ఆ చుక్కలు లేకపోతే అయిదారు అక్షరాలు ఒకేలాగా కనబడతాయి. మన తెలుగులో 'ప', 'వ', 'ష' పక్కపక్కన రాసి చూడండి. తలకట్టు అంటిందా లేదా, కడుపులో గీత ఉన్నదా లేదా, అంతే తేడా. ఆ గీతలు అరిగిపోతే ఎలా చదువుతారు? ముందూ వెనుకా మాటలు చూసి, ఇక్కడ ఏ మాట వస్తే అర్థం కుదురుతుందా అని ఆలోచించి చదువుతారు. పాత శాసనాలు చదివే పండితులు చేసేదీ అదే. మైమూనా పేరులోనే 'య', 'న' అనే అక్షరాలు రెండూ చుక్కలు లేకపోతే ఒకే చిన్న పన్నులాగా ఉంటాయి.

రాతిలో మొదట దైవప్రార్థన. తరువాత ఇది ఫలానావారి సమాధి అని ఉన్నది. మైమూనా తండ్రి పేరు హస్సాన్. తాత పేరు అలీ. ఆ వంశానికి 'హుదలీ' అని ఒక పేరు, 'ఇబ్నుస్సూసీ' అని మరొక పేరు. ఈ రెండు మాటల దగ్గర కొంచెం ఆగుదాం.

మనకు ఇంటిపేర్లు ఎలా వచ్చాయి? చాలావరకు ఊళ్ళ పేర్లనుంచే. ఎప్పుడో ముత్తాతలు ఒక ఊరు వదిలి మరొక ఊరు వెళ్ళారు. కొత్త ఊరివాళ్ళు వాళ్ళను పాత ఊరి పేరుతో పిలిచారు. అదే నిలిచిపోయింది. అరబ్బులలోనూ ఈ అలవాటు ఉన్నది. 'సూసీ' అంటే సూసా పట్టణంవాడు. సూసా ఆఫ్రికా ఉత్తరతీరాన, ఇప్పటి ట్యునీసియా దేశంలో ఉన్న రేవు పట్టణం. 'ఇబ్నుస్సూసీ' అంటే సూసావాడి కొడుకు. 'హుదలీ' అంటే అరేబియాలోని హుదయిల్ అనే తెగకు చెందినవాడు. పటంలో అరేబియా, ట్యునీసియా, గోజో మూడింటినీ పెన్సిలుతో కలపండి. ఒక కుటుంబం కొన్ని తరాలుగా చేసిన ప్రయాణం మీ కళ్ళముందు గీతలాగా కనబడుతుంది. రాతిమీద ఆ ప్రయాణాన్ని గురించి ఒక్క వాక్యమూ లేదు. రెండు పేర్లే చెప్పాయి.

పేర్ల తరువాత, చనిపోయిన రోజు. ఆ తరువాత మైమూనాయే దారినపోయే మనిషితో మాట్లాడుతున్నట్లు కొన్ని మాటలు ఉన్నాయి. లోకంలో ఏదీ శాశ్వతం కాదనీ, మేడలూ తలుపులూ గడియలూ మృత్యువును ఆపలేకపోయాయనీ, చూసేవాళ్ళు బుద్ధి తెచ్చుకొని మంచిగా బ్రతకాలనీ వాటి భావం. చదివితే ఇప్పటికీ మనస్సు కలుక్కుమంటుంది. కూతురిని పోగొట్టుకున్న ఇంట్లో దుఃఖం ఏ దేశంలోనైనా ఒకటే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గోజోలో చాలామంది మైమూనా చిన్నపిల్ల అని చెప్పుకుంటారు. భర్త పేరు లేదు కనుక పెళ్ళికాని పిల్ల అని కొందరు ఊహించారు. కాని రాయి ఆమె వయసు చెప్పలేదు. పెళ్ళి అయిందనీ చెప్పలేదు, కాలేదనీ చెప్పలేదు. రాయి చెప్పినది వేరు, మనం అనుకున్నది వేరు. ఈ రెంటినీ కలిపివేయకూడదు. పరీక్షలో ప్రశ్న సరిగా చదవకుండా జవాబు రాసే పిల్లలకు కూడా ఇదే మాట చెబుతూ ఉంటాను.

సరే, తారీఖు. 'తారీఖు' అనే మాట కూడా అరబ్బీనుంచి మనకు వచ్చినదే. రాతిమీద షాబాన్ నెల 16వ రోజు, గురువారం, సంవత్సరం 569 అని ఉన్నది. 569 అంటే క్రీస్తుశకం కాదు, హిజ్రీ శకం. దీన్ని మన లెక్కలోకి మార్చడం మీరే చేయవచ్చు. పలకా బలపమో, కాగితం పెన్సిలో తీసుకోండి.

హిజ్రీ సంవత్సరానికి పన్నెండు చాంద్రమాసాలు, అంటే ఇంచుమించు 354 రోజులు. మన తెలుగు నెలలూ చాంద్రమాసాలే. కాని మనం మూడేళ్ళకొకసారి అధికమాసం చేర్చి, ఉగాది ఎప్పుడూ వేసవి మొదట్లోనే వచ్చేటట్లు సరిచేసుకుంటాం. హిజ్రీ లెక్కలో అధికమాసం లేదు. అందుకే రంజాను నెల ఒకప్పుడు ఎండల్లో, మరొకప్పుడు చలిలో వస్తుంది. ఏడాదికి పదకొండు రోజుల చొప్పున తేడా పడుతూ, 33 హిజ్రీ సంవత్సరాలు మన 32 సంవత్సరాలకు సమానమవుతాయి. అంటే 33 కి ఒకటి చొప్పున తీసివేయాలి.

569 ని 33 తో భాగించండి. 17 వస్తుంది, కొంచెం మిగులుతుంది. 569 లోనుంచి 17 తీసివేస్తే 552. హిజ్రీ శకం క్రీ. శ. 622 లో మొదలయింది కనుక 622 కలపండి. ఎంత వచ్చింది? 1174. అదే మైమూనా చనిపోయిన సంవత్సరం.

రోజు కూడా తేల్చవచ్చు. షాబాన్ ఎనిమిదవ నెల. లెక్క కట్టుకుంటూ వస్తే ఆ 16వ రోజు 1174 మార్చి 21 గాని 22 గాని అవుతుంది. ఒక్క రోజు తేడా ఎందుకంటే, లెక్క మొదలుపెట్టే రోజును కొందరు ఒకటి ముందూ కొందరు ఒకటి వెనుకా తీసుకుంటారు. పైగా ఆకాశంలో నెలవంక కనబడిన సాయంత్రాన్ని బట్టి నెల మొదలవుతుంది. మరి రెంటిలో ఏది నిజం? రాయే తీర్పు చెప్పింది. అందులో 'గురువారం' అని ఉన్నది. 1174 మార్చి 21 గురువారం, 22 శుక్రవారం. కనుక 21. మన తెలుగు శాసనాలలో శకవర్షంతోపాటు తిథి, వారం చెక్కించినవి ఎన్నో ఉన్నాయి. మన పండితులూ ఆ వారాన్ని పట్టుకొనే తేదీ సరిచూస్తారు. వారం పేరు ఒకటి చెక్కడానికి శిల్పికి ఎంతసేపు పట్టి ఉంటుంది? అయినా ఇన్ని వందల ఏళ్ళ తరువాత అదే సాక్ష్యమయింది.

ఈ తారీఖుకు అంత విలువ ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ట్యునీసియా ప్రాంతం ఏలుతున్న అరబ్బుల సైన్యం 870 లో మాల్టాను గెలుచుకున్నది. 1091 లో సిసిలీనుంచి నార్మన్ ప్రభువు రోజర్ ఓడలమీద వచ్చి మాల్టాను లొంగదీశాడు. ఆయన క్రైస్తవుడు. ఆయన కొడుకు రెండవ రోజర్ 1127 లో మళ్ళీ వచ్చి ద్వీపాలను గట్టిగా తన ఏలుబడిలోకి తెచ్చుకున్నాడు. ఇది రాజుల కథ. ఈ కథ విన్నవాళ్ళు, రోజర్ రావడంతోటే ముస్లింలు మూటాముల్లే కట్టుకొని వెళ్ళిపోయారని చాలాకాలం చెప్పుకున్నారు. కథ చక్కగా కుదిరింది. ఒక రాజు పోయాడు, వాడి మనుషులు పోయారు. మరొక రాజు వచ్చాడు, వాడి మనుషులు వచ్చారు.

కాని మైమూనా చనిపోయినది 1174 లో. 1174 లోనుంచి 1091 తీసివేయండి. రోజర్ వచ్చిన 83 ఏళ్ళ తరువాత కూడా గోజోలో ఒక ముస్లిం కుటుంబం ఉన్నది. దిక్కులేని కుటుంబం కాదు, ఖరీదైన చలువరాయి మీద సమాధిశాసనం చెక్కించగల కుటుంబం. అక్షరాలు అంత ముచ్చటగా చెక్కగల శిల్పి ఉన్నాడు. దారినపోయేవాళ్ళు చదువుతారనే నమ్మకం ఉన్నది కనుకనే రాతిచేత వాళ్ళతో మాట్లాడించారు. రాజు మారినంత మాత్రాన ఊరు మారలేదన్నమాట. ఆ సంగతి ఒక్క రాయి చెప్పింది.

ఆ రాయి ఒంటరిదీ కాదు. మాల్టాలో రబాత్ అనే ఊళ్ళో 1881 లో రోమనుల కాలపు ఇల్లు ఒకటి బయటపడింది. 1920 నుంచి 1925 దాకా సర్ తెమి జామిత్ అక్కడ మళ్ళీ తవ్వకాలు జరిపించాడు. ఈయన వైద్యుడు కూడా. ఆ ద్వీపాలను పీడించిన ఒక జ్వరం మేకపాల ద్వారా వస్తున్నదని 1905 లో కనిపెట్టినవాడు ఆయనే. ఆ రోమను ఇంటి శిథిలాలపైన ముస్లింల శ్మశానం ఒకటి కనబడింది. రెండువందలకు పైగా సమాధులు ఉన్నాయి. కొన్నింటి రాళ్ళమీద కూఫీ అక్షరాలు ఉన్నాయి. అయితే చాలావరకు విరిగిన ముక్కలే. ఇంత వివరంగా చెక్కి, చెక్కుచెదరకుండా మిగిలినది మైమూనా రాయి ఒక్కటే.

కొత్త రాజులు దీన్ని ఎలా సహించారని మీకు అనుమానం రావచ్చు. సహించడమే కాదు, ఆ రాజులే అరబ్బీ వాడుకున్నారు. మాల్టా అప్పుడు సిసిలీ రాజ్యంలో భాగం. రాజధాని పలెర్మో. రెండవ రోజర్ నాణేలమీద అరబ్బీ అక్షరాలు ఉండేవి. అల్ ఇద్రీసీ అనే పండితుడు ఆయన కోసమే అరబ్బీలో భూగోళ గ్రంథం రాసి 1154 లో ముగించాడు. పలెర్మోలోనే మరొక సమాధిరాయి ఉన్నది. రాజుగారి కొలువులోని గ్రిసాందుస్ అనే క్రైస్తవ పురోహితుడు తన తల్లి అన్నాకు దానిని పెట్టించాడు. మధ్యలో సిలువ, చుట్టూ నాలుగు రాతలు. ఒకటి లాటిన్, ఒకటి గ్రీకు, ఒకటి అరబ్బీ. నాలుగవది అరబ్బీ భాషే, కాని యూదుల హీబ్రూ అక్షరాలలో రాసినది. ఒకే సంవత్సరాన్ని ఒకరి లెక్కలో 1149 అనీ, ఒకరి లెక్కలో 6657 అనీ, ఒకరి లెక్కలో 544 అనీ, ఒకరి లెక్కలో 4909 అనీ చెక్కించాడు. తన తల్లి పేరు ఊళ్ళో ఏ మతంవాడైనా చదువుకోవాలని ఆ కొడుకు కోరిక కాబోలు.

ఈ కలిసిమెలిసి ఉండడం ఎల్లకాలం సాగలేదు. 1220 తరువాత రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి సిసిలీ ముస్లింలను ఇటలీలోని లుచేరా అనే పట్టణానికి తరలించాడు. ఆ శతాబ్దంలోనే మాల్టాలో కూడా ముస్లింలు లేకుండా పోయారు. సమాధులకు వచ్చేవాళ్ళు లేరు. రాతలు చదివేవాళ్ళు లేరు.

కాని భాష పోలేదు! ఇప్పుడు మాల్టా ప్రజలలో ఎక్కువమంది క్రైస్తవులు. అయినా వాళ్ళు మాట్లాడే మాల్టా భాష ఆనాటి అరబ్బీనుంచి పుట్టినదే. ఇంగ్లీషు అక్షరాలవంటి అక్షరాలతో రాస్తారు. అరబ్బీలో సమాధిని 'ఖబ్ర్' అంటారు, వాళ్ళు 'అబర్' అని పలుకుతారు. అరబ్బీలో 'కితాబ్' అంటే పుస్తకం, వాళ్ళకు 'క్తీబ్'. మనలో కొందరు కూడా పుస్తకాన్ని కితాబు అంటారు. ఆ కితాబూ ఈ కితాబే. ఒక మాట పడమరకు ప్రయాణం చేసి మాల్టా చేరింది, తూర్పుకు ప్రయాణం చేసి తెలుగుదేశం చేరింది.

ఇక చివరి మాట. మైమూనా రాయి గోజోలో సరిగా ఏ చోట దొరికింది? షెవ్‌కియా, సన్నాత్ అనే రెండు ఊళ్ళ మధ్య పొలాలలో దొరికిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కాని తీసినవాళ్ళు ఆ చోటు రాసిపెట్టలేదు. రాసిపెట్టి ఉంటే, ఆ చోట తవ్వి చూసేవారు. ఆమె తల్లిదండ్రుల సమాధులు పక్కనే ఉన్నాయేమో, రాతిలో చెప్పిన మేడ పునాదులు దగ్గరలోనే ఉన్నాయేమో తెలిసేది. రాయి నిలిచింది, చోటు పోయింది. చోటుతోపాటు సగం కథ పోయింది.

ఇది చెప్పే అర్హత నాకు లేదనే చెప్పాలి. నేను కొత్తగా టీచరుగా చేరిన ఊళ్ళో చెరువుగట్టున ఒక రాయి ఉండేది. దానిమీద బట్టలు ఉతికేవారు. ఒక పక్క పాత తెలుగు అక్షరాలు నాలుగైదు వరుసలు. అయిదవ తరగతి కుర్రవాడొకడు "మాస్టారూ, ఇందులో ఏమున్నది?" అని అడిగాడు. "సెలవులలో వచ్చి రాసుకుందాం లేరా" అన్నాను. సెలవులకు మా ఊరు వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి రోడ్డు వేసేవాళ్ళు దానిని పగలగొట్టి వంతెనలో వేశారు. ఆ కుర్రవాడు నన్ను ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ గుర్తున్నది.

కనుక మీరు నాలాగా సెలవులదాకా ఆగకండి. మీ ఊరి గుడి దగ్గర, చెరువుగట్టున, పొలంలో అక్షరాలున్న రాయి కనబడితే దానిని కదపవద్దు, గీకవద్దు, సున్నం గాని రంగు గాని పూయవద్దు. నాన్నగారి ఫోనుతో ఫోటో తీయించండి. అది ఏ ఊళ్ళో, ఏ చోట, ఏ వైపు తిరిగి ఉన్నదో కాగితం మీద రాసి తారీఖు వేయండి. ఆ కాగితం మీ హెడ్మాస్టరుగారికి ఇచ్చి, పురావస్తు శాఖవారికి తెలియజేయమని అడగండి. పెద్దలకు నా మనవి: పిల్లలు అడిగినప్పుడు "తరువాత చూద్దాం" అనకండి.

ఇంటి దగ్గర చేయడానికి ఒక లెక్క ఇస్తున్నాను. రెండవ రోజర్ ధరించిన ఎర్రని పట్టు శాలువా ఒకటి ఇప్పుడు వియన్నా నగరంలో ఉన్నది. దానిమీద ఒంటెలను పట్టుకున్న సింహాలు బంగారు దారంతో కుట్టి ఉన్నాయి. అంచు చుట్టూ కూఫీ అక్షరాలు. అందులో 528 హిజ్రీ సంవత్సరం అని ఉన్నది. అది క్రీస్తుశకంలో ఎంత? పైన చెప్పిన పద్ధతిలో చేయండి. 1134 వస్తే మీ లెక్క సరి. తరువాత అన్నా రాతిమీది 544 కూడా చేసి చూడండి. మీకు ఒక ఏడాది ఎక్కువ వస్తుంది. ఎందుకు వచ్చిందో మీరే ఆలోచించండి. 33 తో భాగించినప్పుడు మిగిలిన శేషాన్ని మీరు ఏమి చేశారు?

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ మాస్టారు